రాళ్ల వైపు మూకుడు

మా చెల్లెలు తుపాకి ఎత్తితే నాకు కడుపు మండుతుంది. ఇది నిన్నా మొన్నా అంటుకున్న మంట కాదు. ఆమె రెండు జడలు వేసుకుని తిరిగే రోజుల నుంచీ ఉంది. ఇప్పుడు ఆమె కళ్యాణదుర్గంలో ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పే టీచరమ్మ. నాకు నెత్తి మీద వెంట్రుకలు పలచబడ్డాయి. మంట మాత్రం పలచబడలేదు.

మా ఊళ్లో మా ఇంటిని తుపాకిల్లు అంటారు. పంట కాపలా కోసమని నాయనకు వయసులో ఉన్నప్పుడు ఇచ్చిన లైసెన్సు మీద ఒక ఒంటిగొట్టం తుపాకి ఉంది. అది పులుల్ని కొట్టింది లేదు, దొంగల్ని తరిమింది లేదు. వేరుశనగ కాయ పట్టే రోజుల్లో అడవి పందులు చేలోకి దిగితే ఆకాశంలోకి ఒక దెబ్బ పేల్చడం, ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా గోనెసంచిలో చుట్టుకుపోయి పోలీసు స్టేషన్లో అప్పజెప్పడం, అయ్యాక మళ్లీ తెచ్చుకోవడం, దాని బతుకంతా ఇంతే. అయినా ఊళ్లో ఎవరైనా కొత్తవాళ్లకు దారి చెప్పాలంటే తుపాకింటి పక్క సందు అంటారు. ఆ మాట చెవిన పడితే నా ఛాతీ ఇప్పటికీ కాస్త పైకి లేస్తుంది.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఆ తుపాకికి అసలు పని పడుతుంది. ఆయుధపూజ మర్నాడు మా ఊళ్లో పారువేట. వెనకటి కాలంలో కుందేలును తరిమి కొట్టేవాళ్లట. అడవి శాఖ వాళ్లు కేసులు పెడతారని భయం పట్టుకున్నాక, మా తాత కాలంలోనే కుందేలు పోయి మూకుడు వచ్చింది. కుండ మీద మూత పెట్టుకునే మట్టి మూకుడే. కుమ్మరి దగ్గర కుండలు కాల్చే ఆవంలో వంకర పోయినవీ, అంచు పగిలినవీ గంపెడు తెచ్చుకుంటాం.

ఊరికి పడమర ఒక గుట్ట, దాని అడుగున నీళ్లు పారి ఎన్నాళ్లయిందో తెలియని వంక. కొట్టేవాడు వంకకు ఈ ఒడ్డున నిలబడతాడు. జనమంతా అతని వెనక. ఆ ఒడ్డున గుట్ట వాలు మీద ఎడమవైపు ఏనుగంత బండ ఉంది. ఆ బండ చాటున ఇంటి పెద్ద కూర్చుని, మూకుడును అంచు మీద నిలబెట్టి వదులుతాడు. అది ఎడమ నుంచి కుడికి వాలు మీద దొర్లుకుంటూ పోతుంది. తుపాకి పేలేదాకా పెద్దాయన తల బయట పెట్టకూడదు. కాబట్టి దొర్లించేవాడికి ఏమీ కనపడదు. వినపడుతుంది. దెబ్బ వెనకే పెంకులు రాళ్ల మీద రాలిన చప్పుడు వస్తే కుందేలు పడినట్టు. రాకపోతే కుందేలు బతికినట్టు.

నా పుణ్యాన బతికిన కుందేళ్లకు లెక్క లేదు.

నిలబడి ఉన్న దాన్నయితే నేను కొడతాను. ఎవరూ వంక పెట్టలేరు. కంచె గుంజ మీద కొబ్బరి చిప్ప పెడితే, ఎడమ కన్ను మూసుకుని, గొట్టం చివర ఉన్న ఇత్తడి గింజను దాని కిందికి తెచ్చి, ఊపిరి బిగబట్టి తీరిగ్గా లేపేస్తాను. దొర్లేది వచ్చేసరికి నా విద్యంతా వంకలో కలుస్తుంది. మూకుడు నాకు కనపడిన చోట, నా దెబ్బ చేరేసరికి ఉండదు. ఈ సంగతి నాకు తెలియక కాదు. రెండు కళ్లూ తెరిచి, తుపాకిని మూకుడు వెనక నుంచి తీసుకొచ్చి, దాన్ని దాటించి, దాటుతున్నప్పుడే మీట నొక్కాలి, నొక్కాక కూడా గొట్టం ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. ఆగితే దెబ్బ వెనకబడుతుంది. ఈ పాఠం నాకు నోటికి వచ్చు. అయినా నా దెబ్బకు ప్రతిసారీ మూకుడుకు జానెడు వెనక మట్టి లేస్తుంది. అది మాత్రం ఏమీ ఎరగనట్టు దొర్లుకుంటూ వంకలోకి దిగి పక్కకు పడుకుంటుంది.

చెల్లెలు మొదటిసారి తుపాకి పట్టినప్పుడు నేను అనంతపురం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. దసరా సెలవులకు వచ్చాను. నా వంతు అయ్యాక, అంటే నా కుందేలు బతికాక, నాయన బండ దగ్గర నుంచి కేక వేశాడు. "పాపను కూడా ఒగ దెబ్బ కొట్టనీ!" ఊళ్లో మగవాళ్లంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. తుపాకిని ఎడమ బుజానికి పెట్టుకుంది. ఆమెది ఎడమ చెయ్యి. మూకుడు బండ దాటి బయటికి వచ్చేదాకా గొట్టం నడుం దగ్గరే ఉంది. తర్వాత నడుం మీద నుంచి మనిషే తిరిగింది. తుపాకి ఎప్పుడు బుజానికెక్కిందో, ఎప్పుడు పేలిందో నాకు తెలియలేదు. గుట్ట మీద ఎర్రగా దుమ్ము లేచింది. పెంకుల చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది.

ఆ రోజు నుంచీ ఊళ్లో వాళ్లకు నేను ఆ పాప అన్నను.

నాకు అంతకంటే ఎక్కువ మండింది ఇంకొకటి ఉంది. ఆ గుట్ట వాలు మీద రెండు దారులు. ఒకటి మట్టి దారి, నున్నగా ఉంటుంది, మూకుడు బుద్ధిగా ఒకే చాలులో పోతుంది. ఇంకొకటి రాళ్ల వైపు. ఆ వైపు వదిలితే మూకుడు ఒక రాయికి తగిలి మూరెడెత్తు ఎగురుతుంది, ఇంకో రాయికి తగిలి పక్కకు తిరుగుతుంది, ఎక్కడికి పోతుందో దానికే తెలియదు. నాయన నాకు ఎప్పుడూ మట్టి దారిలోనే వదిలేవాడు. చెల్లెలికి రాళ్ల వైపు. ప్రతి ఏడూ అంతే. ఆమె ఎగిరే మూకుడును గాలిలోనే పగలగొట్టేది. నేను నున్నగా వచ్చేదాన్ని వదిలేసేవాణ్ని.

దాని అర్థం నాకు తెలుసు అనుకున్నాను. నాయన ఆమెకు విద్య నేర్పుతున్నాడు. నాకు భిక్షం వేస్తున్నాడు. నేను హాస్టల్లో నీళ్ల చారు తాగుతుంటే ఇక్కడ తండ్రీకూతుళ్లు చేలోకి పోయి ఏవేవో మెలకువలు మాట్లాడుకుంటున్నారు. నాకు చెప్పనిది ఏదో ఆమెకు చెప్పాడు. అదేమిటో కనిపెట్టాలని నేను ఎన్ని ఏళ్లు ఆమె చేతుల వంక చూశానో! తుపాకి పట్టుకునే తీరు చూశాను, కాళ్లు ఎడంగా పెట్టే తీరు చూశాను, నోట్లో ఏమైనా మంత్రం గొణుగుతుందేమోనని పెదాలు కూడా చూశాను.

ఆ ఎడమ చేతి సంగతి కూడా చెప్పాలి. పుట్టుకతో నాదీ ఎడమ చెయ్యే. నాయన తల్లి, మా అవ్వ, ఊరుకోలేదు. నేను అన్నం ముందు కూర్చుంటే పాత చీర అంచుతో నా ఎడమ చేతిని నడుముకు కట్టేసేది. "పెద్ద కొడుకువి. రేపు మాకు కొరివి పెట్టాల్సినోనివిరా. కుడిది అలవాటు చేసుకో" అనేది. నేను ఏడుస్తూ తిన్నాను, ఏడుస్తూ రాశాను, చివరికి కుడిచేతి వాణ్నయ్యాను. చెల్లెలు పుట్టేసరికి అవ్వకు ఓపిక తగ్గిందో, అక్కర తగ్గిందో. "ఆడపిల్ల. యా చేత్తో తింటే ఏముండాదిలే" అని వదిలేసింది. ఆమె ఎడమ చేత్తో ముద్దలు కలుపుకుని నా ముందే హాయిగా తినేది. నా కుళ్లు అప్పటి నుంచే మొదలైందని చెప్పినా తప్పులేదు.

ఈ ఏడు వానలు మొదలయ్యే ముందు నాయన అరుగు మీద కూర్చుని నెమ్మదిగా మాట బయటపెట్టాడు. వయసు డెబ్బై దాటింది, కంటికి ఆపరేషన్ అయింది, ఇంక తుపాకి తన పేరు మీద ఉంచుకోలేడు. బిడ్డల్లో ఒకరి పేరుకు మార్పించుకోవచ్చని ఆఫీసులో చెప్పారట. ఇద్దరికీ కాదు, ఒకరికే.

"యెవురికి నాయనా?" అన్నాను.

"పారువేట దినం చెప్తాలేరా" అన్నాడు.

ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఇంట్లో ఉన్నది నేను. చేను దున్నేది నేను. పందులు తినేది నా వేరుశనగ. చెల్లెలు పెళ్లి చేసుకుని కళ్యాణదుర్గంలో ఉంటుంది. అక్కడ ఆమె పందుల్ని కాదు, ప్రార్థనకు లైనులో నిలబడని పిల్లల్ని బెదిరించాలి, దానికి విజిల్ చాలు. తుపాకి ఆమెకు పోతే మా ఇల్లు తుపాకిల్లు ఎట్లా అవుతుంది? ఊళ్లోవాళ్లు దారి ఏమని చెబుతారు? నేను చేలో మంచె మీద కూర్చుని స్టీలు పళ్లెం వాయించుకోవాలా? ఇదంతా నేను నాయనతో అనలేదు. నా భార్యతో రోజూ అన్నాను. ఆమె చెవిలో జోరీగనయ్యాను.

అనడంతో ఊరుకోలేదు. సాధన మొదలుపెట్టాను. ఫోన్లో వీడియోలు చూశాను. ఏ దేశం వాళ్లో, మిషన్లో నుంచి నారింజరంగు పళ్లాలు గాలిలోకి విసురుకుని, నవ్వుకుంటూ పగలగొడుతున్నారు. వాళ్ల మాట సగం అర్థం కాకపోయినా పాఠం అదే: గింజను చూడొద్దు, పళ్లాన్ని చూడు, రెండు కళ్లూ తెరువు, తుపాకిని ఆపకు. మిద్దె మీదికెక్కి చీపురుకట్ట బుజానికి పెట్టుకుని, పోయే కాకుల వెనక నుంచి తెచ్చి దాటించడం మొదలుపెట్టాను. వీధిలో పోయే షేర్ ఆటోల మీద కూడా గురి పెట్టాను. ఒక ఆటో అబ్బాయి ఆపి, "ఎక్కుతావా అన్నా?" అని అడిగాడు.

నా భార్య బట్టలు ఆరేయడానికి పైకి వచ్చి కాసేపు నిలబడి చూసింది.

"ఏమప్పా, ఆ కాకి నీకేం చేసినాది?"

"నీకు తెలీదులే, పో."

"నాకు తెలుసు. పారువేటకు ఇంగా నెల ఉండాది. అందాక ఆ చీపురన్నా కింద ఊడ్చనీకి ఇయ్యి" అని లాక్కుపోయింది.

ఆయుధపూజ నాడు ట్రాక్టరుకు, కొడవళ్లకు, తుపాకికి కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టాం. చెల్లెలు సాయంత్రం బస్సులో దిగింది. చేతిలో నాయనకు ఇష్టమైన మైసూరు పాకం, ముఖంలో ఏ బెంగా లేదు. అదే నాకు నచ్చలేదు. తుపాకి కావాలన్న ఆశ ఉన్న మనిషి ముఖం అట్లా ఉండదు. లేదా తనకే వస్తుందని తెలిసిన మనిషి ముఖం అట్లా ఉంటుంది.

మర్నాడు పొద్దెక్కాక గుట్ట దగ్గరికి పోయాం. నాయన మోకాళ్లు పట్టుకుని, కట్టె ఊతంతో, పదిసార్లు ఆగి బండ చాటుకు ఎక్కాడు. నేను తుపాకి తీసుకుని ఒడ్డున నిలబడ్డాను. చెల్లెలు పక్కకు వచ్చింది.

"అన్నా, ఒగ మాట. అదో, ఆ గాలిమర కనపడతాందా?"

గుట్టకు ఆవల రాయదుర్గం వైపు గాలిమరలు వరసగా తిరుగుతున్నాయి. "దానికేమి?" అన్నాను.

"చెయ్యి చాపి, రెండు కళ్లూ తెరుచుకొని దాని మీద బొటనవేలు పెట్టు. పెట్టినాక ఎడమ కన్ను మూయి. యేలు పక్కకు జరిగిందనుకో, నీకు గురి చూసేది ఎడమ కన్ను. మా పిల్లోళ్లకు బాలు ఇసిరేది నేర్పేటప్పుడు చూస్తాంటా. కుడి బుజం మీద తుపాకి పెట్టి ఎడమ కంటితో చూస్తే దెబ్బ ఎడమకే పోతాది. నీదెప్పుడూ యెనకాల్నే పడతాది కదా? ఎడమ బుజానికి పెట్టుకొని చూడన్నా."

నాకు ఒళ్లు భగ్గుమంది. ఇన్నేళ్లు నోరు మెదపకుండా ఉండి, నాయన మాట చెప్పే రోజున, తుపాకి చేతిలో ఉండగా, నా చెయ్యి మార్చమంటుందా? అవ్వ కట్టేసిన చెయ్యిని ఈమె విప్పుతుందా?

"నా సంగతి నాకు తెలుసు. యెనక్కి పో" అన్నాను.

ఆమె వెనక్కి పోయింది. నేను నాయనకు కేక వేశాను. మూకుడు బండ దాటి వచ్చింది. మట్టి దారిలోనే, బుద్ధిగా, నున్నగా. రెండు కళ్లూ తెరిచాను. వెనక నుంచి తెచ్చాను, దాటించాను, నొక్కాను, ఆపలేదు. వీడియోలో మనిషి చూసి ఉంటే శెభాష్ అనేవాడు. మూకుడుకు జానెడు వెనక మట్టి లేచింది. చప్పుడు రాలేదు. ఆ చప్పుడు రాకపోవడం ఊరందరికీ వినపడింది.

తర్వాత ఆమె వంతు. నాయన రాళ్ల వైపు వదిలాడు. మూకుడు ఎగిరింది, పక్కకు తిరిగింది. ఆమె తిరిగింది. పెంకులు రాలాయి.

నాయన కిందికి దిగి వచ్చి కానుగ చెట్టు కింద కూర్చున్నాడు. ఆయాసం తీరేదాకా కట్టె మీద గడ్డం ఆనించుకున్నాడు. తర్వాత చెల్లెలి వైపు చూసి, "తుపాకి నీ పేరు మీదికి మార్పిస్తా పాపా" అన్నాడు. పెద్ద పెద్ద మాటలేమీ లేవు. మజ్జిగ తెమ్మన్నంత మామూలుగా అన్నాడు.

నేను ఆగలేకపోయాను. "అంతే కదా! దానికి అన్నీ నేర్పిస్తివి. రాళ్ల పక్క దొర్లించి దొర్లించి నేర్పిస్తివి. నాకు మట్టి దారి చూపిస్తివి. నేనేమన్నా పరాయోన్నా? నాకెందుకు నేర్పకపోతివి?"

నాయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు.

"నేనేం నేర్పిస్తినిరా దానికి? నాకు వస్తే కదా నేర్పేది. నేను దొర్లే మూకుడు కొట్టింది నువ్వెప్పుడన్నా చూసినావా?"

చూడలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాయన బండ చాటునే ఉన్నాడు. అది ఇంటి పెద్దకు మర్యాద అనుకున్నాం.

"పెండ్లి కాకముందు కొన్నేండ్లు కొడితి. ఒగటన్నా తగల్లా. మా నాయన పోతానే నేనే పెద్దోన్నని బండ యెనక్కి పోయి కూచుంటి. ఆడ కూచుంటే కొట్టే పనుండదు కదా." తన కుడి అరచేతిని తిప్పి చూసుకున్నాడు. "నాదీ ఎడమ చెయ్యేరా. మా అమ్మ నాదీ కట్టేసింది, నీదీ కట్టేసింది. ఈ పాపనొగదాన్నే మర్చిపోయింది."

చెల్లెలు తలవంచుకుని తుపాకి గొట్టం తుడుస్తోంది. గంపలో ఇంకా మూకుళ్లున్నాయి. అవి అయ్యేదాకా పారువేట అయినట్టు కాదు.

"నాకు మోకాళ్లు రావు. ఇంగ నువ్వే పెద్దోనివి. పోయి దొర్లించు" అన్నాడు నాయన నాతో.

గంప నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కాను. నాకు తుపాకి రాలేదు, బండ వచ్చింది. దాని వెనక కూర్చుంటే నాయన అన్నేళ్లు ఆనుకున్న చోట రాయి నున్నగా అరిగి ఉంది. అక్కడ నన్ను చూసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి చెయ్యి చాపి గాలిమర మీద బొటనవేలు పెట్టాను. ఎడమ కన్ను మూశాను. వేలు గాలిమరను వదిలేసి పక్కకు దూకింది. మళ్లీ పెట్టాను. మళ్లీ దూకింది. ఆమె చెప్పింది నిజమే. నిజమైనందుకు ఇంకా మండింది.

గంపలో వెతికి బాగా వంకర పోయిన మూకుడు ఏరాను. మట్టి దారి వంక చూడనైనా లేదు. ఒడ్డు నుంచి చెల్లెలి కేక వినపడగానే, రాళ్ల వైపు, ఉన్న బలమంతా పెట్టి, నేలకు కొట్టినట్టు దొర్లించాను. అది మొదటి రాయికే నిలువెత్తు ఎగిరింది. తల లోపలికి లాక్కుని, కళ్లు మూసుకుని చెవి పెట్టాను. తప్పాలి. ఒక్కటి తప్పాలి. తుపాకి పేలింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత పెంకులు రాళ్ల మీద రాలాయి.

గంప ఖాళీ అయ్యేదాకా అట్లాగే దొర్లించాను. ఒక్కటీ తప్పలేదు.

కిందికి వచ్చేసరికి చెల్లెలు వంకలో దిగి పెద్ద పెంకులు ఏరి గట్టున పోస్తోంది. నాయన కానుగ చెట్టు కింద నుంచి నా చొక్కాకు అంటిన మట్టినీ, నా ముఖాన్నీ చూశాడు.

"యా పక్క దొర్లించినావురా?"

"రాళ్ల పక్క" అన్నాను.

నాయన వంక వైపు చూసి, ఆమెకు వినపడనంత మెల్లగా అన్నాడు. "నేనూ అంతేరా. మొదటి ఏడు నుంచీ. ఒగటన్నా తప్పిపోతాదేమో అని ఆడ చెవి పెట్టుకొని కూచుంటాంటి."